అనాస ఆకు నార: మిషన్ కొనమంటారా, వద్దంటారా?

సీతంపేట కుర్రాడు
అందరికీ నమస్కారం. మాది పార్వతీపురం మన్యం జిల్లా, సీతంపేట ఏజెన్సీలో సవర గూడెం. మా కొండల్లో అనాస బాగా పండుతుంది. జూన్, జూలైల్లో కాయంతా ఒక్కసారే దిగుతుంది, అప్పుడు సంతలో వ్యాపారి చెప్పిందే ధర. కాపు తగ్గిన ముసలి మొక్కల్ని పీకి గట్టు మీద పడేస్తాం, ఎండాక కాల్చేస్తాం. ఈ మధ్య ఆ ఆకు నుంచి నార తీసి బట్టలు నేస్తున్నారని వీడియోలు తెగ వస్తున్నాయి, అవి చూసి మా అక్కవాళ్ల పొదుపు సంఘం మిషన్ కొందామంటోంది. అమ్మేవాళ్లేమో "తీసిన నారంతా మేమే కొంటాం" అంటున్నారు. ఎంత ఆకుకి ఎంత నార వస్తుంది? అరటి నార తీసే మిషన్ దీనికి పనికొస్తుందా? పొందూరు మాకు మరీ దూరం కాదు, అక్కడి నేతన్నలు కొంటారా? లోన్ తీసుకుని కొనాలి, అందుకే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నార మిషన్ మెకానిక్
తమ్ముడూ, ముందు లెక్క చూడు, మిషన్ సంగతి తర్వాత. వంద కిలోల పచ్చి ఆకు వేస్తే ఎండు నార రెండు నుంచి మూడు కిలోలు వస్తుంది. అంతకు మించి వస్తుందని ఎవరైనా అంటే తడి నార తూకం చెప్తున్నారని అర్థం. 750 కిలోలు మోసే చిన్న ట్రక్కు నిండా ఆకు తెచ్చినా చేతికొచ్చేది పదిహేను, ఇరవై కిలోలే, మిగతాదంతా నీళ్లూ గుజ్జూ. ఆ నీళ్లకి కిరాయి కట్టి ఊళ్లోకి తెస్తే ఇంకేం మిగులుతుంది? అందుకే మిషనే తోట దగ్గరికి వెళ్లాలి. డీజిల్ ఇంజన్‌తో నడిచే చిన్న మిషనైతే మీ కొండలకి నయం. కాయలకే కావడి మోస్తున్నారు, ఆకు కూడా మోయాలంటే ఎవరూ రారు.

అరటి మిషన్ మీద తీయొచ్చు. డ్రమ్ము తిరుగుతుంటే దాని బ్లేడ్లు ఆకుని గీరి పచ్చి గుజ్జు ఊడగొడతాయి, పద్ధతి ఒకటే. అరటి బోదె పొర మందం, అనాస ఆకు పల్చన, కాబట్టి బ్లేడుకీ కింది పలకకీ మధ్య సందు బాగా తగ్గించాలి. ఎక్కువ ఉంటే గుజ్జు నారకే అంటుకుని ఉంటుంది, మరీ తగ్గిస్తే నార తెగిపోతుంది. సగం ఆకు లోపలికి పెట్టి వెనక్కి లాగి, తిప్పి రెండో సగం పెట్టాలి. చేతులు డ్రమ్ముకి దగ్గరగా ఉండే పని ఇది, చీర కొంగు, చున్నీ, గాజులు వేసుకుని దాని ముందు ఎవరినీ నిలబెట్టకండి. ముళ్ల అంచు రకమైతే గ్లౌజులు తప్పనిసరి. మన వైపు వేసే క్యూ అనే అనాస రకానికి అంచు నున్నగా ఉంటుంది, ముళ్లు కొస దగ్గరే.

కోసిన రోజే ఆకు మిషన్‌కి వెళ్లాలి. ఆకు వాడిపోతే గుజ్జు ఎండి నారకి అతుక్కుపోతుంది, తర్వాత ఎంత గీరినా రాదు.

గోగు రైతు, విజయనగరం వైపు
మిషన్ మీద తీసిన నారని అలాగే ఎండబెడితే గరుగ్గా, పచ్చగా ఉంటుంది. మనం గోగు కట్టలు చెరువులో ఊరబెడతాం కదా, దీన్నీ తొట్టెలో కొన్ని రోజులు ఊరబెట్టాలి. నీళ్లలో కొంచెం యూరియా కలిపితే త్వరగా ఊరుతుంది. రోజూ చేత్తో చూస్తుండాలి, జిగురు వదిలి పోగు విడిగా వస్తే చాలు, ఇంకా ఉంచితే నారే కుళ్లుతుంది. బాగా కడిగి దండెం మీద ఆరేయండి. ఆ నీళ్లు తాగే ఊటలోకి, గెడ్డలోకి వదలొద్దు, కంపు కొడతాయి, చేపలు చస్తాయి.

సీతంపేట కుర్రాడు
థాంక్స్ అన్నా. ఇంకో డౌట్. కాపు మీద ఉన్న మొక్కకి కింది ఆకులు కోసుకోవచ్చా? ఏడాదంతా పని దొరుకుతుందని అక్కవాళ్ల ఆశ.

నార మిషన్ మెకానిక్
వద్దు. కాయకి తిండి పెట్టేది ఆ ఆకే. నార కోసం ఆకు కోసి కాయ సైజు తగ్గించుకుంటే అసలుకే మోసం. కాయ కోసేశాక, అదీ పిలకలు ఉంచక్కర్లేని మొక్కలైతేనే. అంటే మీకు పని సీజన్‌లోనే ఉంటుంది. మిగతా నెలల్లో అరటి బోదె దొరికితే అదే మిషన్ మీద ఆడించొచ్చు. అలా కుదరకపోతే ఏడాదిలో ఎక్కువ నెలలు మిషన్ టార్పాలిన్ కిందే ఉంటుంది, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు.

మగ్గం మనిషి
పొందూరు మాట నేను చెప్తాను. అక్కడ నేసేది పత్తి. ఆ పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, రాట్నం మీద సన్నంగా వడుకుతారు, ఆ పనితనమే వేరు. అనాస నార ఆ రాట్నం మీద లేవదు. పొడవు ఎక్కువ, బిరుసు ఎక్కువ, పత్తిలాగా ఒకదానికొకటి పట్టుకోదు. కాబట్టి మీ దగ్గర ముడి నార కొని వాళ్లేం చేసుకుంటారు?

ఈ బట్టకి అసలు ఊరు ఫిలిప్పీన్స్‌లో అక్లాన్ రాష్ట్రం, అక్కడి కాలిబో పట్నం. వాళ్లు దీన్ని వడకనే వడకరు. ముందు పగిలిన పింగాణీ పళ్లెం ముక్కతో ఆకు గీరి ముతక నార తీస్తారు, దాని కింద ఉన్న సన్న నారని కొబ్బరి చిప్పతో తీస్తారు. కడిగి, ఆరబెట్టి, దువ్వి, ఒక్కో పోగు కొసకి ఇంకో పోగు కొస చేత్తో ముడి వేసుకుంటూ పోతారు. ఆకు పొడవు ఎంతో పోగు పొడవూ అంతే కదా, ఒక్క గుడ్డకి ఎన్ని ముడులో మీరే ఊహించుకోండి. పడుగు పట్టుదీ పేక అనాసదీ పెట్టి కూడా నేస్తారు. వాళ్ల మగవాళ్లు పెళ్లిళ్లకి వేసుకునే బరోంగ్ చొక్కాల్లో ఖరీదైనవి ఈ బట్టవే. 2023లో యునెస్కో ఈ నేతని వారసత్వ జాబితాలో చేర్చింది. వీడియోల్లో చూపించే ధర ఆ ముడులు వేసిన చేతులకి వచ్చే ధర, ముడి నారది కాదు. పైగా వాళ్లు వాడేది పొడవాటి ఆకుల రెడ్ స్పానిష్ రకం, మన క్యూ కాదు.

హైదరాబాద్ డిజైనర్
నేతే కానక్కర్లేదండీ, పినాటెక్స్ ఉంది కదా? తోలు బదులు వాడే షీటు.

మగ్గం మనిషి
ఉంది మేడమ్. కార్మెన్ హిహోసా అనే స్పెయిన్ ఆవిడ ఫిలిప్పీన్స్ ఆకు నారతోనే మొదలుపెట్టారు. చదరపు మీటరుకి 16 మొక్కల ఆకు, అంటే సుమారు 480 ఆకులు కావాలని వాళ్లే చెప్తారు. కానీ అది నేసింది కాదు. నారని మొక్కజొన్న లాంటి పంటల నుంచి వచ్చే పీఎల్ఏ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో కలిపి, అదిమి, పైన పూత వేస్తారు. పెద్ద ఫ్యాక్టరీ పని. గూడెం వాళ్లు దానికి నార అమ్మగలరేమో గానీ, అది చేయలేరు.

పార్వతీపురం అక్క
నేను సంఘాలతో పనిచేస్తాను కాబట్టి ఒక మాట. "మొత్తం మేమే కొంటాం" అనే మాటని నమ్మకండి. మా వైపు అరటి నార మిషన్లు ఇలాగే అమ్మారు. మిషన్ దిగాక నార "క్వాలిటీ లేదు" అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. నార రంగు, పొడవు, తేమ ఎంత ఉండాలో, కిలో ధర ఎంతో, ఎన్ని రోజుల్లో డబ్బిస్తారో, రవాణా ఎవరిదో కాగితం మీద రాసివ్వమనండి. రాయకపోతే దండం పెట్టి పంపించేయండి.

కొనే ముందు కోల్‌కతాలోని నిన్‌ఫెట్‌కి రాయండి. కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) కింద నారల మీద పరిశోధన చేసే సంస్థ, పాత పేరు నిర్జాఫ్ట్. అనాస ఆకు నార తీసే మిషన్ మీద, ఊరబెట్టే పద్ధతుల మీద వాళ్లు పనిచేశారు. జనపనార మిల్లు మిషన్ల మీద ఈ నారని వడకొచ్చు కాబట్టి మన వైపు జనపనార మిల్లుల్ని కూడా అడగండి, అయితే వాళ్లకి నాలుగైదు కిలోల సరుకు ఆనదు. నాకైతే మీ సంఘానికి తాళ్లు, బుట్టలు, చాపలు, సంచులే ముందు దారి అనిపిస్తోంది, వాటికి ముతక నార చాలు, మగ్గం అక్కర్లేదు. లోన్ అయితే కేంద్రం సబ్సిడీ లోన్ పథకం పీఎంఈజీపీ చూడండి, పల్లెల్లో ఎస్టీలకి, మహిళలకి 35 శాతం సబ్సిడీ. ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ) వన్ ధన్ కేంద్రం, అంటే గిరిజనుల సరుకుకి విలువ పెంచి అమ్మే కేంద్రం గురించి కూడా అడగండి.

సీతంపేట కుర్రాడు
అర్థమైంది అక్కా. ఈ సీజన్‌కి మిషన్ కొనం. అరటి మిషన్ ఉన్నవాళ్లని ఒక పూట అద్దెకి అడిగి, మా ఆకు ఆడించి, ఎండు నార తూచి చూస్తాం. గుజ్జు పశువులు తింటాయా?

గోగు రైతు, విజయనగరం వైపు
తాజాగా ఉంటే తింటాయి. కేరళలో ఆకు నరికి పాతరేసి పాడి పశువులకి పెడతారు కూడా. కొత్త మేత కాబట్టి మొదట గడ్డిలో కొంచెమే కలిపి పెట్టండి, పులిసింది పెట్టొద్దు. మిగిలింది పేడతో కలిపి వానపాముల తొట్టెలో వేసేయండి.