ఊరి చెరువులో పూడిక తీయిద్దామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?

బెంగళూరు సీమోడు:
మాది రాయచోటి దగ్గర చిన్న ఊరు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊరి పిల్లకాయలమంతా తలా కొంత వేసుకున్నాం. ఎండాకాలంలో జేసీబీ పెట్టి చెరువులో పూడిక తీయిద్దామని. చెరువు నిండి మరవ (అలుగు) పారి చాలా ఏళ్లయింది. కట్ట మీదా లోపలా కంపచెట్లే. శని, ఆదివారాలు మేమూ వచ్చి పలుగూ పారా పడతాం. ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:
నాయనా, జేసీబీకి అడ్వాన్స్ ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఆగండి. రిటైరయ్యేదాకా నేను చెరువు కట్టల మీదే తిరిగినవాణ్ణి. నీళ్లే రాని చెరువులో పూడిక తీస్తే గుంత పెద్దదవుతుంది, అంతే. మీ ఊరి నీరుగంటి (పొలాలకు చెరువు నీళ్లు వదిలే మనిషి) కుటుంబంలో పెద్దాయన ఎవరైనా ఉంటే వెంటబెట్టుకుని, చెరువు నుంచి వంక దాకా సప్లై ఛానల్ (చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ) వెంబడే పైకి నడవండి. ఎక్కడో ఒకచోట కాలువ ఎవరిదో చేనులో కలిసిపోయి ఉంటుంది. లేకపోతే రోడ్డు కింద కల్వర్టు పైపు మట్టితో మూసుకుపోయి ఉంటుంది. మీ పలుగూ పారా పని అక్కడ.

మన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. రోజుకు వెయ్యి మంది మనుషులు, వంద బండ్లతో రెండేళ్లు కట్టారట. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో రాశారు. కట్ట ఊరడం, అంటే కట్టలోంచి నీళ్లు కారడం ఒకటి, వచ్చే నీళ్లు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం ఇంకొకటి. ఇప్పటికీ మన చెరువుల రోగాలు ఇవే!

కట్ట ఊరడమంటే గుర్తొచ్చింది. కంపను మొదలు దాకా నరికి వదిలేస్తే వానలకు మళ్లీ గుబురుగా లేస్తుంది, వేరుతో తీయాల్సిందే. కానీ కట్ట మీద వేరు పెరికిన బొంద అలాగే వదిలారంటే నీళ్లకు దారి మీరే ఇచ్చినట్టు. బంకమట్టి పోసి, తడిపి, పొరపొరకీ దిమ్మిస కొట్టాలి. ఒక్కో బొందకు సగం పూట పట్టినా సరే. కట్టకు, తూముకు దగ్గరలో మాత్రం తవ్వనివ్వొద్దు. ఇవన్నీ ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు), నీటి సంఘం అధ్యక్షుడికి కాగితం పెట్టుకున్నాకే. సాగునీటి పనులు రైతుల సంఘాలకు అప్పజెప్పిన 1997 చట్టం వచ్చినప్పటి నుంచి సంఘాన్ని అడక్కుండా చెరువులో చెయ్యి పెడితే గొడవే.

చెనిక్కాయల రైతు:
మా ఊళ్లో తీసిన పూడిక మట్టి రైతులకు ఊరికే ఇచ్చాం, ట్రాక్టరు బాడుగ రైతే పెట్టుకున్నాడు. ఇసక నేలల్లో ఒండ్రు తోలితే తేమ బాగా నిలుస్తుంది. కానీ రాత్రిళ్లు కాపలా పెట్టుకో అన్నా. ఒండ్రు అయిపోయి గరుసు (గ్రావెల్) తగిలిందా, దొంగతనంగా తోలుకుపోవడానికి టిప్పర్లు వాటంతటవే వస్తాయి.

బెంగళూరు సీమోడు:
సార్, ఆదివారం నడిచొచ్చాం. కాలువ మా చిన్నాయన చేన్లోనే కలిసిపోయింది. మా నాయనతో చెప్తే ఆ మాట ఎత్తొద్దంటున్నాడు. ఏం చేయమంటారు?

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:
సచివాలయంలో సర్వేయర్‌ను అడిగి ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) కాపీ తీసుకో. కాలువ ఎంత వెడల్పుందో అందులో ఉంటుంది. దాన్ని రచ్చబండ దగ్గర విప్పొద్దు, చిన్నాయన ఇంటికే తీసుకెళ్లి చూపించు. చేను కోతయ్యాక తవ్వుకుంటామని చెప్పు. పైరు మీదుండగా అడిగితే ఎవరూ ఒప్పుకోరు.