చలానా పడినవాడిని చూసి నవ్వితే పైశాచికానందమేనా?

సీతమ్మధార నుంచి:
మద్దిలపాలెం కూడలిలో అందరూ ఆగి ఉంటే ఎర్ర దీపాన్ని లెక్కచేయకుండా దూసుకుపోయిన కారుకు కాస్త ముందు పోలీసులు చలానా రాస్తుంటారు. బస్సులో ఉన్నవాళ్లం నవ్వుకుంటాం. దీన్ని కూడా ‘పైశాచికానందం’ అనేస్తున్నారు. పిశాచాన్ని పిలిచేంత పాపమా ఇది? జర్మన్లు నష్టాన్నీ సంతోషాన్నీ అతికించి ‘షాడెన్‌ఫ్రాయిడ’ అని తేలికగా ఒక మాట చేసుకున్నారు. మనకు అలాంటిది లేదెందుకు?

గాజువాక మాస్టారు:
లేకేమండీ! ‘తిక్క కుదిరింది’, ‘తగిన శాస్తి జరిగింది’ అనమా? మీ నవ్వులో సంతోషం కన్నా తీర్పు ఎక్కువ. అరిస్టాటిల్ ఈ రెండింటినీ వేరు చేశాడు. అర్హత లేనివాడు బాగుపడితే నొచ్చుకోవడం ‘నెమెసిస్’, అది మెచ్చదగినదే. ఎదుటివాడి కీడుకు సంబరపడటం ‘ఎపిఖైరెకాకియా’. దీనికి మితమంటూ ఉండదని, పేరులోనే చెడు ఉందని అన్నాడు.

భీమిలి నుంచి:
తీర్పు అనుకుంటే మనకు హాయిగానే ఉంటుంది మాస్టారూ. మరి పక్కింటి అబ్బాయికి ర్యాంకు రాలేదని లోలోపల చంకలు గుద్దుకుంటూ పైకి ‘అయ్యో పాపం’ అనేవాడు ఏ తీర్పు చెబుతున్నట్టు? మయసభను గుర్తుచేసుకోండి. వ్యాసభారతంలో దుర్యోధనుడు నీళ్లలో పడ్డప్పుడు నవ్వినవాళ్లు భీమార్జునులు, కవలలు. అదే సంగతి తండ్రికి చెప్పుకునేటప్పుడు కృష్ణుడూ నవ్వాడంటాడు, ద్రౌపదీ ఆమెతో ఉన్న స్త్రీలూ నవ్వారంటాడు. పడినవాడి చెవికి చిన్న నవ్వు, పెద్ద నవ్వు అన్న తేడా ఉండదు. అందుకే కటువైన మాటే ఉండనివ్వండి.

పెదవాల్తేరు నుంచి:
నేను ఒప్పుకోను. ఒకరిని హింసించి ఆనందించేవాడికి పత్రికలు వాడే మాట అది. హింసించేవాడు వేరు, కిటికీలోంచి చూసి నవ్వేవాడు వేరు. ఇద్దరికీ ఒకే పేరు పెడితే రేపు నిజంగా పిశాచంలాంటివాడు ఎదురైతే ఏమని పిలుస్తాం? చలానాకు ‘తిక్క కుదిరింది’ చాలు. ర్యాంకు సంగతికి ‘కుళ్లు’ ఉండనే ఉంది, అందులో అసూయా కలిసి వస్తుంది. కొత్త మాట ఎందుకో నాకు అర్థం కాలేదు.

భీమిలి నుంచి:
కొత్తది అవసరమైతే దీనికి ఎదురుమాట కావాలి. తొట్లకొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారు కదా. వాళ్లు అలవరచుకునే నాలుగు మంచి మనోభావాల్లో, అంటే బ్రహ్మవిహారాల్లో, మైత్రి, కరుణ, ఉపేక్షలతో పాటు ‘ముదిత’ కూడా ఉంది. అంటే ఇతరుల మేలు చూసి సంతోషించడం. కరుణ మన ఇళ్లలోకి వచ్చింది, ముదిత కొండ మీదే ఆగిపోయింది.

గాజువాక మాస్టారు:
రాకేమండీ, వచ్చింది. కాకపోతే మన పద్యాల్లో ముదిత అంటే స్త్రీ. మా తరగతిలో ‘ఆయనకు ముదిత ఎక్కువ’ అని చెబితే పిల్లలు మరోలా అర్థం చేసుకుంటారు!