పొంగని సెప్టిక్ ట్యాంకును మూడేళ్లకోసారి తీయించాలా?

హన్మకొండ శీను: నిండినా నిండకపోయినా రెండు మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలట. వరంగల్ కార్పొరేషన్ 2016లోనే సెప్టిక్ ట్యాంకుల మీద నిబంధనలు తెచ్చింది. మాది 12 ఏళ్ల ఇల్లు, ఒక్కసారీ పొంగలేదు. పొంగనిదాన్ని కెలకడం దేనికి? పైగా ఫైన్ వేయాలని కొందరి వాదన. రూల్స్ పెట్టడానికి ఇంటి ఓనర్లే దొరికారా?

సైట్ ఇంజనీర్: 12 ఏళ్లు పొంగలేదంటే మీది ట్యాంకు కాదేమో శీనుగారూ, ఒరలు దింపిన గుంత అయ్యుంటుంది. అడుగున కాంక్రీటు ఉండదు, నీళ్లన్నీ భూమిలోకే దిగిపోతాయి, ఇక పొంగేదెక్కడ? సరిగ్గా కట్టిన ట్యాంకుకు రెండు గదులుంటాయి. మడ్డి అడుగుకు చేరుతుంది, తెట్టు పైన తేలుతుంది, మధ్యలో తేరిన నీళ్లే ఇంకుడు గుంతకు పోవాలి. మడ్డి పెరిగేకొద్దీ నీళ్లు తేరుకునే జాగా ఉండదు, మలం మలంగానే బయటికొస్తుంది. పొంగేదాకా ఆగడమంటే అన్నేళ్లూ అది మోరీలోకో బోరులోకో పోతున్నట్టే. మీ బోరు ఎంత దూరం?

హన్మకొండ శీను: 20 అడుగులు ఉంటుందేమో. 150 గజాల్లో ఇల్లు, బోరు, ట్యాంకు మూడూ పట్టాలి కదండీ. పర్మిషన్ ఇచ్చినప్పుడు ఈ లెక్క ఎవరూ అడగలేదే!

వాగొడ్డు రమణ: ఓనర్లు తీయిస్తారు సరే, బండి ఎక్కడ ఒంపుతుంది? మా ఊరి కల్వర్టు దగ్గర రాత్రి పది దాటాక లైట్లార్పి పైపు వదులుతారు. తెల్లారి చూస్తే గడ్డి మీద నల్లటి మడ్డి, అందులో ప్యాడ్లూ షాంపూ ప్యాకెట్లూ. రేపు ఊరంతా తీయిస్తే మా వాగుకి ఇంకో నాలుగు బండ్లు. ముందు బండ్లకి లైసెన్సు, జీపీఎస్ పెట్టండి. శుద్ధి కేంద్రంలో దింపిన రసీదు చూపిస్తేనే డబ్బులివ్వండి. మహారాష్ట్రలో వాయి అనే చిన్న ఊళ్లో 2018 నుంచి వరుస ప్రకారం వీధివీధికీ మున్సిపాలిటీ కుదిర్చిన బండే వస్తోంది, ఖర్చు పన్నులోనే కలుస్తుంది. ఓనరు బేరమాడే పనే లేదు. ఫైన్ కంటే అది నయం.

సైట్ ఇంజనీర్: రసీదు మాట బాగుంది రమణగారూ. కానీ ఓనర్లను వదిలేయలేం. ఏళ్ల తరబడి వదిలేస్తే మడ్డి గట్టిపడుతుంది, బండి పైపు లాగదు. అప్పుడే "ఒక్కసారి దిగు" అని మనిషిని దింపుతారు. లోపల విషవాయువు, రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోతుంది. రక్షణ లేకుండా దింపడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా దింపుతూనే ఉన్నారు.

హన్మకొండ శీను: అది కాదనను. కానీ మా మూత మీద పార్కింగ్ టైల్స్ పరిచేశాం. పగలగొట్టిన ఖర్చు ఎవరిస్తారు?

సైట్ ఇంజనీర్: మీరే. కాకపోతే మొదటి ఏడాది ఫైన్ వద్దంటే మీవైపే మాట్లాడతా.