బ్రేకు బూస్టర్‌లో వాక్యూమ్ ఎక్కడ పోతోంది?

అనుభవజ్ఞులైన మెకానిక్‌లకు నమస్కారం. నాది డీజిల్ పికప్ ట్రక్కు. బ్రేకు తొక్కే బలాన్ని పెంచే బూస్టర్‌కు వాక్యూమ్ (గాలి లాగేసిన స్థితి) ఇచ్చే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనుకే ఉంటుంది. కొంతకాలంగా బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుపోతోంది. ఇంజను ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి కదా, దిగడం లేదు. పెట్రోలు బండిలా వాక్యూమ్ నేరుగా ఇంజను నుంచి రాదు కాబట్టి లీకుంటే ఐడ్లింగ్‌లో తేడా కూడా కనిపించదు.

వాక్యూమ్ కొలిచే గేజి పెట్టి చూశాను. పంపు దగ్గర విడిగా 26 అంగుళాలు (పాదరసం కొలతలో) చూపిస్తోంది, బూస్టర్‌కు కలపగానే 17 దగ్గర ఆగిపోతోంది. బూస్టర్ దగ్గర గొట్టాన్ని నొక్కి పట్టుకుంటే ముల్లు మళ్లీ 26కు లేస్తోంది. అంటే పంపు, గొట్టం బాగానే ఉన్నట్టే. పెడల్ తొక్కినా తొక్కకపోయినా డ్యాష్‌బోర్డు కింద సన్నగా 'సుయ్'మని శబ్దం వస్తోంది. బూస్టర్‌కున్న చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) ఊడదీస్తే లోపల నల్లటి ఇంజను ఆయిలు పొరలా అంటుకుని ఉంది.

ఆయిలు తగిలి బూస్టర్ లోపలి డయాఫ్రమ్ (పొరలాంటి) రబ్బరు పాడైందా, లేక వాల్వ్ కూర్చునే రబ్బరు వాషరు దగ్గరే లీకా? బూస్టర్ విప్పకుండా తేల్చుకునే మార్గం ఉందా? పంపు నుంచి ఆయిలు రావడం ఆపకుండా కొత్త బూస్టర్ వేస్తే అదీ పాడవుతుందేమోనని భయంగా ఉంది. లోడుతో ఘాట్ రోడ్డు దిగే బండి, అందుకే ప్రస్తుతం బయటకు తీయడం లేదు. దయచేసి చెప్పండి.