బీకాం వాడికి ఈవీఎస్ (పర్యావరణ పాఠం): ఎట్టా చదవాలి, ఫీల్డ్ రిపోర్ట్ దేని మీద రాయాలి? (చెన్నై)

సూళ్లూరుపేట కుర్రోడు:
అన్నలకి, అక్కలకి నమస్కారం. చెన్నైలో బీకాం మొదటి సంవత్సరం చదవతా ఉండాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. అకౌంట్స్ బానే అర్థమవతా ఉండాయి గానీ, ఈ సెమిస్టర్లో ఈవీఎస్ పెట్టినారు. బీఓడీ, సీఓడీ, పిరమిడ్లు, ఏందేందో. ఇంటర్నల్లో 25కి 9 వచ్చినాయి. "బీఓడీ పెరిగితే నీళ్లలో ఆక్సిజన్ పెరుగుతుంది" అని రాస్తే మేడం ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. పైగా పది పేజీల ఫీల్డ్ రిపోర్ట్, మూడు వారాల్లో ఇయ్యాలంట. బట్టీ కొడితే సరిపోతుందా? అసలు మాకెందుకు ఈ సబ్జెక్టు?

తాంబరం సీనియర్:
బట్టీ చాలు తమ్ముడూ, నేనట్టాగే గట్టెక్కా. పాత పేపర్లు ఐదు తిప్పు. చట్టాలు ఒక చీటీ మీద రాసి మంచం పక్కన అతికించుకో: వన్యప్రాణులు 1972, నీరు 1974, అడవులు 1980, గాలి 1981, పర్యావరణ పరిరక్షణ 1986. భోపాల్ గ్యాస్ 1984 డిసెంబరులో, దాని దెబ్బకే 86 చట్టం. అంతే.

పెరంబూరు అక్క:
నేను ఈ సబ్జెక్టే చెబుతాను, కాబట్టి పై తమ్ముడితో సగమే ఒప్పుకుంటా. చట్టాల వరకు చీటీ మంచిదే. మిగతాది బట్టీ కొడితే ఆ సున్నాలే మళ్లీ వస్తాయి.

ఎందుకంటావా, ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణం అందరూ చదవాలంది. తర్వాత యూజీసీ, అంటే యూనివర్సిటీల్ని చూసే కేంద్ర సంస్థ, డిగ్రీ పిల్లలందరికీ తప్పనిసరి చేసింది. బీకాం అయినా బీఏ అయినా తప్పదు నాయనా.

ఇక నీ బీఓడీ. నువ్వు లెక్కలవాడివి, అప్పుల లెక్కలో చెబుతా. నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ చేతిలో ఉన్న రొక్కం. బీఓడీ అంటే తీర్చాల్సిన బాకీ: ఆ నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు తినెయ్యడానికి ఎంత ఆక్సిజన్ కావాలో అది. బాకీ పెరిగితే రొక్కం కరిగిపోతుంది, చేపలు చస్తాయి. రొక్కం పూర్తిగా అయిపోతే ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా పెత్తనం మొదలవుతుంది. కూవం నది వంతెన మీద బస్సు ఆగినప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుందే, అది వాటి చలవే, హైడ్రోజన్ సల్ఫైడ్. సూక్ష్మజీవులు తినలేని సరుకును కూడా రసాయనంతో ఆక్సీకరించి లెక్క కడితే సీఓడీ. అందుకే మామూలుగా సీఓడీ అంకె బీఓడీ కంటే పెద్దదిగా ఉంటుంది. బీఓడీ ఎట్లా కొలుస్తారంటే, పరీక్షలో "5 రోజులు, 20 డిగ్రీలు" అని రాయి. మన దేశపు ప్రమాణాల్లో మాత్రం 3 రోజులు, 27 డిగ్రీలు. రెండూ రాసిన పేపర్ కనపడితే నేనైతే ఒక మార్కు ఎక్కువే వేస్తా.

నీటి వనరుల పాఠానికి నీ హాస్టల్ కుళాయి దగ్గర మొదలుపెట్టు. ఈ ఊరికి కృష్ణ నీళ్లు మీ నెల్లూరు వైపు నుంచే వస్తాయి. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. ఆవిరైపోయేది తీసేస్తే చెన్నైకి 12. 1983లో ఆంధ్ర, తమిళనాడు ఒప్పందం రాసుకున్నాయి. నీళ్లు మొదటిసారి చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరింది 1996లో. శ్రీశైలం, సోమశిల, కండలేరు, అక్కడి నుంచి కాలువ. ఇంత దూరపు నీళ్లు తెచ్చుకునే ఊరే 2015 డిసెంబరులో మునిగింది, 2019 ఎండాకాలంలో ఎండింది. అప్పుడు జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. వరద, కరువు రెండూ ఒకే ఊళ్లో ఎందుకొచ్చాయో చెరువులు, చిత్తడి నేలలు పూడ్చుకున్న కథతో రాశావంటే, ఎస్సే ప్రశ్న ఏది వచ్చినా అక్కడికి లాగొచ్చు.

ఇంగ్లీషు గురించి భయపడకు. పదో తరగతి జీవశాస్త్రం తెలుగు పుస్తకం ఇంట్లో ఉంటే తెప్పించుకో. ఆవరణ వ్యవస్థ, ఉత్పత్తిదారులు, విచ్ఛిన్నకారులు, అన్నీ అందులో చదివినవే. ముందు అక్కడ అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు రాయి.

సూళ్లూరుపేట కుర్రోడు:
అక్కా, బాకీ లెక్క చెప్పినాక నవ్వొచ్చింది, ఇంక మర్చిపోను. పిరమిడ్లు కూడా ఇట్టాగే చెప్పవా?

పెరంబూరు అక్క:
పులికాట్ పక్కన పుట్టి నన్నడుగుతావేం! సరస్సులో నాచు, దాన్ని తినే చిన్న రొయ్యలు, వాటిని తినే చేపలు, చేపల్ని తినే గూడబాతులు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడు పెట్టి, మేతకు పులికాట్ దాకా ఎగిరిపోతాయి కదా. ఒక్కో మెట్టు దాటేసరికి శక్తి పదో వంతే మిగులుతుంది: 1000, 100, 10, 1. అందుకే శక్తి పిరమిడ్ ఎప్పుడూ తలకిందులు కాదు. సంఖ్యల పిరమిడ్ అవుతుంది, ఒకే చెట్టు మీద వేల పురుగులు ఉంటాయి కాబట్టి. బొమ్మ వెయ్యి, బాణాలు మర్చిపోకు.

ఇంకోటి, "ఓజోన్ రంధ్రం వల్ల భూమి వేడెక్కుతోంది" అని మాత్రం రాయకు, ప్రతి ఏడాదీ సగం క్లాసు రాస్తుంది. ఓజోన్ పొర ఆపేది అతినీలలోహిత కిరణాల్ని. వేడిని పట్టి ఉంచేవి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వాయువులు. దేశాల ఒప్పందాలు గుర్తుపెట్టుకో: ఓజోన్‌కి మాంట్రియల్ 1987, వేడికి క్యోటో 1997, పారిస్ 2015.

ఆదంబాక్కం బాబాయ్:
ఫీల్డ్ రిపోర్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు. పళ్లికరణై చిత్తడి నేలకి పో అబ్బాయ్, వేళచ్చేరి నుంచి దగ్గరే. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే అయితే పక్షులు బాగా కనపడతాయి. 2022లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) చేరింది, మన కొల్లేరు 2002లోనే చేరింది. ఒక పక్క కొంగలు, ఇంకో పక్క పెరుంగుడి చెత్త గుట్ట, రెండూ ఒకే ఫోటోలో పడతాయి.

తాంబరం సీనియర్:
బాబాయ్, సగం క్లాసు అక్కడికే పోతుంది, రిపోర్టులన్నీ ఒకే వాసన. మెస్‌లో పారేసే అన్నం తూకం వెయ్యి తమ్ముడూ. ఒక బకెట్, ఒక స్ప్రింగ్ కాటా, ఏడు రోజులు. పూటపూటా బరువు, తిన్నవాళ్ల సంఖ్య రాసుకుంటే తలకి ఎన్ని గ్రాములో వస్తుంది. బకెట్ బరువు తీసెయ్యడం మర్చిపోకు, నేను మర్చిపోయి మొత్తం మళ్లీ వేసుకున్నా.

పెరంబూరు అక్క:
బట్టీ కొట్టమన్నవాడివి నువ్వేనా! ఇది మంచి సలహా. ముందు వార్డెన్‌ని అడుగు. ఎందుకు పారేస్తున్నారో ఓ పదిమందిని కనుక్కో, వంటామెను కూడా. ఆ మాటలే రిపోర్టుకి ప్రాణం.

సూళ్లూరుపేట కుర్రోడు:
వార్డెన్ ఒప్పుకున్నాడు. మూడు రోజులైంది తూకం మొదలుపెట్టి. ఉప్మా రోజు బకెట్ మోయలేకపోయినాం. ఒక సందేహం అక్కా, ఆదివారం సగం మంది ఊళ్లకి పోతారు, మిగిలినోళ్లు బిర్యానీ చుక్క మిగల్చరు. ఆ రోజు తీసెయ్యొచ్చా?

పెరంబూరు అక్క:
తియ్యకు. పట్టికలో విడిగా చూపించు, కింద కారణం ఒక వాక్యం రాయి. సగటు ఆదివారంతో ఒకటి, ఆదివారం లేకుండా ఒకటి.