ఈ 8 కాళ్ల చిప్ ఏ ప్యాకేజీయో కాస్త చెప్పండి

నమస్తే అన్నా, మాది హన్మకొండ. టీవీ బోర్డులు రిపేర్ చేస్తుంటాను. ఒక బోర్డులో 25క్యూ64 ఫ్లాష్ మెమరీ పోయింది. ప్యాకేజీ (చిప్ బయటి ఆకారం, సైజు) ఏదో తెలిపే చివరి అక్షరాలే చిప్ మీద అరిగిపోయాయి.

వెర్నియర్‌తో కొలిచాను. ఒకే వైపున్న మొదటి కాలు మధ్య నుంచి నాలుగో కాలు మధ్యకు 3.81 మి.మీ., అంటే పిచ్ (పక్కపక్క కాళ్ల మధ్య దూరం) 1.27. బాడీ వెడల్పు 5.3, కాళ్ల కొసలతో కలిపితే 7.9. మామూలు ఎస్‌ఓ-8 (8 కాళ్ల సన్న రకం ప్యాకేజీ) బాడీ 3.9 మాత్రమే. రెండింటికీ పిచ్ ఒకటే కావడంతో ఫొటో చూసి ఆర్డర్ పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

ఇది 208 మిల్ ఎస్‌ఓఐసీయే (బాడీ సుమారు 5.3 మి.మీ. ఉండే వెడల్పు రకం) అనుకుంటున్నా, సరేనా? ఇక్కడి షాపుల్లో నాకు సన్నదే దొరికింది. దాని కాళ్లు సాగదీసి అతికించమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. డేటాషీట్‌లో (చిప్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) ఇంకా ఏ కొలత సరిచూసుకోవాలి? వరంగల్, కరీంనగర్‌లో వెడల్పుది ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.