సమస్య: "ప్రతిభ లేనివాఁడె బహుముఖుండు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదే: ఈ పాదం చివర వచ్చేటట్టు ఆటవెలది పద్యం పూరించాలె. 'టాలెంట్' అనాల్సిన ప్రతిచోటా ప్రతిభ అని వాడి ఆ మాటను అరగదీసినం. ఆలంకారికులకు (కావ్యశాస్త్రం రాసినోళ్లకు) అది కొత్తది తోచే శక్తి, చదువుతో వచ్చేది వ్యుత్పత్తి. ఆ తేడా పట్టుకున్నోళ్లకు దారులు ఎక్కువ. రావణుణ్ని మాత్రం మళ్లా పట్టుకురాకున్రి, పోయినసారి పది తలలతోటి విసిగిపోయినం.

పిల్లలమర్రి:
కవికి నేది మూలకారణం బనఁదగు?
అప్పు కొఱకుఁ దిరుగు నతఁ డెవండు?
సీత నెత్తుకొనిన చెడ్డవాఁ డెవ్వఁడో?
ప్రతిభ, లేనివాఁడె, బహుముఖుండు.

రావణుడు వచ్చిండు గానీ ఒక్క పాదానికే, ఓర్చుకోన్రి.

పానగల్లు:
ప్రశ్నల వరుసలోనే జవాబులొచ్చే క్రమాలంకారం శుభ్రంగా కుదిరింది. 'లేనివాఁడె'ను పేదవాడి మీదికి తోసుడే ఇందులో అసలు చమత్కారం. 'మూల' అన్న మాట మిమ్మల్ని కాపాడింది. ఆలంకారికుల్లో మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువన్నడు. ప్రతిభ ఒక్కటే కారణమన్నది జగన్నాథ పండితుని పక్షం. రెండో పాదం యతికి (మొదటి అక్షరంతో నడిమి అక్షరం జతకు) స్వరం, 'అతఁడు'ల 'అ', ఆసరా, చెల్లుతది.

దుందుభి:
బొమ్మ గీయుఁ, బాట పొందుగాఁ గూర్చును,
నాటకమున నిలిచి నవ్వఁజేయు,
సభల మెప్పుఁ బొందు సరసుండు వాఁడే య
ప్రతిభ లేనివాఁడె బహుముఖుండు.

అప్రతిభ అంటే ఉత్త తెలివితక్కువతనం కాదు. న్యాయశాస్త్రంలో, అంటే తర్కంలో, 22 నిగ్రహస్థానాలు (వాదంలో ఓడిపోయే సందర్భాలు) ఉంటే అందులో ఒకటి, వాదంలో జవాబు తోచక నిలబడిపోవుడు. అది లేనివాడంటే ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉన్నోడు.

పానగల్లు:
అర్థానికి నూరు మార్కులు, మూడో పాదానికి సున్న. పాదం మారినా పదం ఒక్కటే గదా తమ్మీ, సంయుక్తాక్షరం 'ప్ర'కు ముందున్న 'య' లఘువు (I) కాదు, గురువైతది (U). తగణం (UUI) అనుకున్నది మూడు గురువుల మగణమై కూర్చుంది. ఆ చోట భగణముంటే (UII) రగణమయ్యేది (UIU), నలముంటే (IIII) నగమయ్యేది (IIIU), రెండూ బేసిపాదం చివర రావాల్సిన ఇంద్రగణాలే, ఎవరూ పట్టుకోకపోదురు. త, సల (IIUI) చివర మాత్రం ఈ ఎత్తు పారదు. మందు చిన్నదే: 'వాఁడే'ని 'వాఁడె' చేయి, రగణం దిగుతది.

దుందుభి:
దిద్దుకున్న, అన్నా. ఇంత సన్నగా చూసే కన్ను పోయిన ఉగాదికి ఎటు పోయిందో! మీ పద్యం మూడో పాదంల 'విద్వద్గద్వాల' ఉండె. వరుసగా నాలుగు గురువులు. ఇంద్ర, సూర్య (III, UI) గణాలను ఎట్ల పేర్చినా మూడు దాటి రావు. కందపద్యంలనైతే గగ (UU), గగ అని హాయిగా కూర్చుంటది. అప్పుడు మీరు 'వి'ని లఘువన్నరు.

పానగల్లు:
అది టైపింగు తప్పు.

పిల్లలమర్రి:
నాలుగు గురువుల టైపింగు తప్పు!

మూసీగట్టు:
పొద్దు కొక్క మాట, పూటకో వేషము,
పదవి కొఱకు దొరల పంచఁ జేరు,
వాని ముఖము లెంచ వశమె బ్రహ్మకు నైన?
ప్రతిభ లేనివాఁడె బహుముఖుండు!

పానగల్లు:
'వశమె' తర్వాత 'బ్ర' వచ్చింది, 'మె' లఘువుగా తేలుతుందా?

మూసీగట్టు:
తేలుతది. వేర్వేరు పదాలు, సమాసం కాదు. నగం, ఆపైన సలం. బహుముఖప్రజ్ఞల 'ఖ' గురువయ్యేది అది సమాసం గనుక.

నిర్వాహకుడు:
సమస్యల 'బహుముఖప్రజ్ఞ'ను పెట్టలేదేమని ఇద్దరు అడిగిన్రు. కారణం అదే. 'బహుముఖప్రజ్ఞ'ల మూడు లఘువుల వెంబడి రెండు గురువులు పక్కపక్కన పడతయి, అన్నీ సూర్యగణాలే ఉండే సరిపాదంల దానికి చోటే లేదు. బేసిపాదం చివరి రెండు గణాలల్ల 'బహుముఖ' నగంగా, 'ప్రజ్ఞయె' భగణంగా పెట్టుకోవచ్చు. 'సృజనాత్మకత' ఇంకో మొండిది. నాలుగో గణంల 'సృజనాత్మ' సలంగా ఇముడుతది. సరిపాదంల పెట్టాలంటే 'సృజ'కు ముందు ఒకే ఒక లఘువు దొరకాలె. పద్యానికి ఒదిగే మాట 'సవ్యసాచి', రెండు హగణాలు (UI) రెడీమేడ్‌గా ఉన్నయి. ఎడమచేత్తో కూడా బాణమేసేవాడని అర్థం. అన్నీ సవ్యంగా చేసేవాడని కాదు, పత్రికలోళ్లు వింటున్రా?

దుందుభి:
'సృజన'కే సంస్కృతంల దిక్కులేదు. విసర్జన అన్నట్టే సర్జన అనాలె.

మూసీగట్టు:
తెలుగుల స్థిరపడ్డ మాట, ఉండనీ. సర్జన అంటే మనోళ్లు ఆపరేషన్ చేసే డాక్టరనుకుంటరు.

పిల్లలమర్రి:
పానగల్లు సారూ, మీ పానగల్లు గుడిల ఛాయాసోమేశ్వరుని కదలని నీడ లెక్క ఒక్కచోట్నే నిలబడి అందరియీ దిద్దుతున్నరు. మీ పూరణ ఏది?

పానగల్లు:
రేపు పెడత. మూడో పాదంల యతి కుదురుతలేదు.

దుందుభి:
టైపింగు చూసుకోన్రి అన్నా.